కాలువ గట్టున దింపేశారు

నా భార్య దగ్గినప్పుడు గుడ్డకు నెత్తురంటడం మొదట చూసింది మా అమ్మ. ఆ సాయంత్రమే మా పసిపిల్లను చంకనేసుకుని ఎదురింట్లో ఉన్న నా తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోయింది. నేను తప్పుపట్టలేదు. పిల్లయినా దక్కాలి కదా. పొలం కౌలుకిచ్చేసి గంజి కాచడం, పక్కబట్టలు ఉడకబెట్టడం, ఆమె తల దువ్వడం నేర్చుకున్నాను. జడ మాత్రం కుదిరేది కాదు. "మోకు పేనారండీ" అని నవ్వబోయి దగ్గులో పడేది.

ద్రాక్షారామం వైద్యుడు క్షయ అని చెప్పి చేతులెత్తేశాడు. కాకినాడలో దొర ఆసుపత్రి ఉందని విని ఆమెను పడవెక్కించాను. సగం దారిలో దగ్గు తెర కమ్మింది. నా తుండు ఎర్రబడటం చూసి జనమంతా అవతలి అంచుకు జరిగారు. పడవ ఒరిగింది.

"వాళ్ళని దింపుతావా, మమ్మల్ని దిగిపొమ్మంటావా?" అని పడవవాణ్ణి నిలదీశారు. అతను నా మొహంలోకి చూడలేక, తల వంచుకునే మమ్మల్ని గట్టున దింపేశాడు. కనుచూపు మేర చెట్టన్నది లేదు.

"నన్నిక్కడే వదిలేసి వెళ్ళిపోండి. పిల్లకి మీరైనా ఉండాలి" అంది నా భార్య. నేను కాలువలోకి చూస్తున్నాను. ఇద్దరం అందులోకి దిగిపోతే సరిపోతుంది కదా అనిపించింది. ఆమెకు తెలిసిపోయిందేమో, నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

చేపలు అమ్ముకుని ఖాళీ గంపతో వస్తున్న ఒకావిడ మమ్మల్ని చూసి ఆగింది.

"ఏం జబ్బండి?"

"క్షయ."

"మా ఇంట్లో పసోళ్ళున్నారండి. లోపలికి రానివ్వలేను" అంది. వెళ్ళిపోయింది. ఇంక ఎవరూ రారనుకున్నాను. కాసేపటికి మొగుణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. వాళ్ళు రెండు తెడ్లు పాతి, పాత తెరచాప కట్టి, మా మీద నీడ పడేలా చేశారు. ఆవిడ వేడి గంజి కుండ నా ముందుంచి, "కుండ మీ దగ్గరే ఉంచేసుకోండి" అంది. ఎండ తగ్గాక అతను మమ్మల్ని తన దోనెలో కాకినాడ చేర్చాడు.

దొర ఆమె గుండెల మీద చెవి ఆనించి విన్నాడు. లోపల ఏమీ మిగల్లేదనీ, ఇంటికి తీసుకుపోయి గాలి తగిలేచోట ఉంచమనీ పక్కనున్న గుమాస్తా చేత చెప్పించాడు. ఇంత మాటకేనా అంత దూరం లాక్కొచ్చానని నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

"పోదాం పదండి. పిల్లని చూడాలి" అంది ఆమె.

ఇంటికొచ్చాక ఆమెకు పడుకుంటే ఊపిరాడేది కాదు. నేను అరుగు మీద గోడకానుకుని కూర్చుని, ఆమె వీపు నా రొమ్ముకు ఆనించుకునేవాణ్ణి. ఎదురు వాకిట్లో పిల్ల కోడిపిల్లల వెంట పరిగెత్తుతుంటే చూస్తూండేది.

ఒక మధ్యాహ్నం "అన్నం తిన్నారా?" అని అడిగింది. తిన్నానన్నాను. తినలేదు. కాసేపటికి ఆమె బరువు నా మీద ఇంకోలా పడింది.

"ఏరా, ఎలా ఉందిరా?" అని అమ్మ ఎదురు వాకిట్లోంచి కేకేసింది. చెబితే అందరూ వస్తారు, ఆమెను నా మీంచి తీస్తారు. చాలాసేపు నేను బదులు పలకలేదు.