ఓపీ చీటీ మీద నలభై ఎనిమిది

కరోనా తగ్గిన మరుసటి ఏడాది, ఎండాకాలం. మహబూబాబాద్‌లో ఒక దవాఖాన క్యాజువాలిటీలో, అంటే అత్యవసర విభాగంలో, నేను స్టాఫ్ నర్సుని. నిచ్చెన మీంచి పడ్డ పెయింటర్ యాకూబ్‌ను మేస్త్రీ ఆటోలో తీసుకొచ్చాడు. తలకు చిన్న గాయం. వయసెంతని అడిగితే యాకూబ్ నోరు తెరిచేలోపే మేస్త్రీ నలభై ఎనిమిది అన్నాడు. యాకూబ్ తల దించుకున్నాడు. నేను ఓపీ చీటీ మీద అదే రాసేశాను.

డాక్టరుగారు చీటీ చూశారు. మనిషి తెలివిలోనే ఉన్నాడు, వాంతి లేదు, పడింది నాలుగు మెట్ల పైనుంచే. కుట్లు వేసి పంపించాం. అరవై ఐదు దాటినవాళ్లయితే, ఎంత బాగా మాట్లాడుతున్నా తలకు సీటీ స్కాన్ తీయిస్తాం. వయసు మీద పడ్డాక మెదడు కాస్త కుంచించుకుపోయి, దాని మీది సన్నని రక్తనాళాలు సాగి బిగుతుగా ఉంటాయి. చిన్న దెబ్బకే తెగి, రోజుల తరబడి లోపల నెత్తురు ఊరుతుంది. సబ్‌డ్యూరల్ హెమటోమా అంటారు దాన్ని.

పదిహేను రోజులకు యాకూబ్‌ను ఆయన భార్య ఖాజాబీ ఇద్దరి చేత పట్టించి తీసుకొచ్చింది. కుడికాలు ఈడుస్తున్నాడు, మాట ముద్దగా వస్తోంది.

"తాగి తూలుతున్నడని వాడకట్టంత అంటున్రు మేడం. జన్మల ముట్టిన మనిషి కాదు," అంది.

పాత చీటీ తీసి వయసు చదివాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"నలభై ఎనిమిది మా పెద్దబిడ్డకు."

నాకు ఒళ్లు మండిపోయింది. మేస్త్రీకి ఫోన్ చేసి కడిగేశాను. ముసలాయనను నిచ్చెన ఎక్కించావని ఇంటి ఓనరు లొల్లి చేస్తాడని తక్కువ చెప్పాడట. పైగా నాకే సుద్దులు.

"ఒక్క అంకెకు గింత పరేషాన్ ఎందుకు సిస్టర్?"

ఆ అంకెను చూసే కదా స్కాన్ రాయలేదు! సిగ్గూశరం లేని మనిషి. పని కావాలంటే ముసలితనం దాచుకొమ్మన్నది వీళ్లే, పడితే అబద్ధం చెప్పేదీ వీళ్లే.

వరంగల్‌లో పుర్రెకు రంధ్రం పెట్టి నెత్తురు తీశారు. యాకూబ్ బతికాడు. కుడిచేతికి మాత్రం ఇప్పటికీ బ్రష్ పట్టు చిక్కడం లేదు.

అప్పటినుంచి పక్కవాళ్లు చెప్పిన వయసు రాయను. పెద్దబిడ్డకు ఎన్నేళ్లు, మనవలు ఎందరని పడ్డ మనిషినే అడుగుతాను. వెనక నిలబడ్డవాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనీ.

మేస్త్రీని తిట్టినంత సులువుగా నన్ను నేను తిట్టుకుని ఊరుకోలేను. ఆ రోజు కుట్లు వేసే ముందు యాకూబ్ తలకూ గడ్డానికీ అంటిన తెల్లరంగును తడిదూదితో తుడిచాను. కొంత పోయింది. మిగతాది ఎంత రుద్దినా పోకపోతే, ఇదేం మొండి రంగని విసుక్కున్నాను. అది రంగు కాదు, ఆయన నెరిసిన జుట్టు.