గుట్ట మీది నిమ్మగడ్డి

నిన్న ఆఫీసులో నిమ్మగడ్డి టీ ఇచ్చారు. ఆ వాసనకు పటాన్‌చెరు గుట్ట మీది మొక్కల తోట గుర్తొచ్చింది. బోడిగుట్టను మెట్లు మెట్లుగా చెక్కి పెంచిన తోట, రేకు ముక్కల మీద మొక్కల పేర్లు... మీలో ఎవరికైనా గుర్తుందా?

మందుల ఫ్యాక్టరీలో పనిచేసే నాయిన సెలవు రోజున నన్నక్కడికి తీసుకెళ్లి, ఒక్కో ఆకూ నలిపి నా ముక్కు దగ్గర పెట్టేవాడు.

“ఎట్లుంది బిడ్డా వాసన?”

“నిమ్మకాయ లెక్క ఉంది నాయినా.”

“గంతేనా? జెర మంచిగ చెప్పు.”

పరీక్ష పెడుతున్నాడనుకుని ఇంకా వర్ణించి చెప్పేదాన్ని. నాయిన కళ్లు మూసుకుని వినేవాడు.

ఒకరోజు పాలు మాడి ఇల్లంతా కంపు కొట్టినా, పొయ్యి పక్కనున్న నాయిన కదల్లేదు. అమ్మ గిన్నె దించుతూ అంది: “ఆ ఫ్యాక్టరీ గాలికి మీ నాయినకు వాసన తెల్వకవట్టి శానా ఏండ్లాయె.”

నిన్న కప్పు పట్టుకుని మెల్లగా పైకే చెప్పాను: “నిమ్మకాయ లెక్క ఉంది నాయినా. వాన పడ్డ గడ్డి లెక్క గూడ.”