గీతలు లేని బొటనవేలు

డార్విన్‌లో వానాకాలపు తెల్లవారుజాము అంటే కప్పల గోల, ఒంటికి అంటుకుపోయే ఉక్క. రాజారావు ఆ వేళకే స్నానం చేసి, దేవుడి ముందు దీపం పెట్టి, ల్యాప్‌టాప్ తెరుస్తాడు. రెండేళ్లుగా ఇదే వరస. ఇక్కడ అయిదున్నర అయితే, భూమికి అవతల కరీబియన్ సముద్రంలోని ఆ చిన్న దీవిలో నిన్నటి సాయంత్రం నాలుగు.

ఆ దీవి ప్రభుత్వం ముసలివాళ్ల పింఛన్లను వేలిముద్ర మెషీన్ల మీదికి మారుస్తోంది. ఆ పని డార్విన్‌లోని ఒక కంపెనీకి దక్కింది. మెషీన్లు సరిగ్గా ఉన్నాయని పరీక్షించి సంతకం పెట్టడం రాజారావు ఉద్యోగం. నలభై ఎనిమిదేళ్లవాడు. పలాస దగ్గర పల్లెబడిలో అక్షరాలు దిద్ది, ఊళ్లు మారి, దేశాలు మారి ఇక్కడ తేలాడు. ఇప్పుడతనికి కావలసింది కంపెనీ రాసిచ్చే ఉత్తరంతో శాశ్వత వీసా. ఆ తర్వాత కాస్త నిద్ర.

తెర మీద ఎర్లీన్ కనిపించింది. అక్కడి పింఛను ఆఫీసు కౌంటర్‌లో కూర్చునే మనిషి. మాటలు ఇంగ్లీషులోనే అయినా పొరుగింటి ఆవిడలా అయిపోయింది.

“మిస్టర్ రావ్, నీకింకా తెల్లారినట్టు లేదే.”

“తెల్లారింది ఎర్లీన్. కాఫీ రాలేదంతే.”

“రేపు వడ్రంగి వచ్చి నా కౌంటర్ పీకేస్తాడట. సోమవారం నుంచి పింఛను మెషీనే ఇస్తుంది. మంత్రిగారు దాని మీద వేలు పెట్టిన వీడియో దీవంతా తిరుగుతోంది. కుర్రాళ్లు దానికో పాట కట్టి చిందులేస్తున్నారు. మెషీన్లకి పోసిన డబ్బుతో స్కూళ్లన్నిటికీ కొత్త పైకప్పులు వేయొచ్చని మా అమ్మ సణుగుడు. అయినా మెషీన్ మంచిదేగా?”

“మంచిదే,” అన్నాడు. పోయిన వారమే సంతకం పెట్టాడు.

ఆమె వెనక బల్ల మీద ముసలమ్మలు వరసగా కూర్చుని ఉన్నారు. బతుకంతా గిడ్డంగుల్లో జాజికాయలు ఒలిచినవాళ్లు. ఒకామె గుడ్డలో చుట్టిన రొట్టె ఎర్లీన్ ముందు పెట్టి వెళ్లింది. నడవలేని ఇద్దరికి ఎర్లీన్ ఇంటికెళ్తూ దారిలో తానే పింఛను అందిస్తుందని రాజారావుకు తెలుసు. రొట్టె అందుకేనేమో.

మాటలయ్యాక రాజారావు తన బల్ల మీద పరీక్షకు పెట్టుకున్న మెషీన్ ఆపబోయాడు. ఆపేముందు ఒక కొత్త వేలు పెట్టించి చూడటం అతనికి అలవాటు. భార్య శాంతి కాఫీ తెచ్చింది. ఆమె ఆసుపత్రి వంటశాలలో పనిచేస్తుంది.

“శాంతీ, ఓసారి వేలు పెట్టు.”

“బస్సుకి టైమైపోతోంది.”

“బొటనవేలే కదా అడిగింది, నిన్ను కాదుగా.”

శాంతి కొంగుకు తుడుచుకున్నట్టు యూనిఫాం అంచుకే వేలు తుడుచుకుని పెట్టింది. ముద్ర పడలేదు. ఎర్రదీపం. మళ్లీ పెట్టింది. ఎర్రదీపమే. నాలుగుసార్లు అయింది.

“తడేమో.”

“తడి కాదండీ.” చెయ్యి వెనక్కి తీసుకుంది. “ఏటి, మర్చిపోయారా? పదేళ్లప్పట్నించీ జీడిపిక్కలు కొట్టిన సేతులు. ఆ రసానికి తోలు ఎన్నిసార్లు ఊడిందో. గీతలేటి మిగుల్తాయి?”

“మరి వ్రతం రోజు?”

“అందుకే వంటింట్లోంచి రాలేదు. అంతమందిలో నా వేలికి ఎర్రదీపం ఎలిగితే మీకు నామోషీ కదా అని.”

రాజారావు కాఫీ పక్కన పెట్టేశాడు. కిందటి నెల ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకున్నారు. పరీక్షకు మామూలు మనుషుల వేళ్లు కావలసి, ప్రసాదం పంచాక అడిగాడు. ప్రసాదం పెట్టిన చేత్తో అడిగితే కాదనేదెవరు? అరవై మంది ఒప్పుకోలు కాగితాల మీద సంతకాలు చేసి, తీర్థానికి నిలబడినట్టు వరసకట్టారు. బ్యాంకులవాళ్లు, డాక్టర్లు, కంప్యూటర్లవాళ్లు. అందరికీ పచ్చదీపమే. స్వామి దయ అనుకున్నాడు. అవన్నీ మెత్తటి వేళ్లని ఆ రోజు తోచలేదు.

వీసాకు ముద్రలిచ్చిన రోజు గుర్తొచ్చింది. కౌంటర్‌లో పిల్ల శాంతి చేతుల్ని తన చేతుల మధ్య వెచ్చబెట్టి, అరగంట తంటాలుపడి, చివరికి కలంతో ఏదో రాసి పంపించింది. ఈ మెషీన్‌లో కలానికి చోటు లేదు. మోసాలు జరుగుతాయని ఆ ప్రభుత్వమే వద్దంది.

శాంతి గొడుగు వేసుకుని పరుగెత్తింది. వీధి మలుపులో బస్సు ఆమెను చూసి ఆగే ఉంది. ఆ డ్రైవరు రోజూ అంతే.

ఆఫీసు తెరిచే వేళకు మేనేజరు సుమంత్‌కు ఫోన్ చేశాడు.

“అంకుల్, మీ సంతకంతో సైనాఫ్ అయిపోయింది కదా. మండే గో-లైవ్. ఒక్క వేలు పడలేదని సిస్టమ్ ఫెయిల్ అంటారా?”

“ఒక్క వేలు కాదు బాబూ. అక్కడ సగంమందివి ఇలాంటి చేతులే. సోమవారం వాళ్లు ఒట్టి చేతుల్తో పోతారు.”

“అది క్లయింట్ హెడేక్. మీ పీఆర్ వీసా లెటర్ ఈ నెలే వెళ్లాలి. పైవాళ్లు మనసు మార్చుకుంటే నా చేతిలో ఏం లేదు. ఆంటీని కాస్త హ్యాండ్ క్రీమ్ రాసుకోమనండి.”

రాజారావు ఫోన్ పెట్టేయబోయాడు.

“సారీ అంకుల్,” అన్నాడు సుమంత్. “అలా అనకుండా ఉండాల్సింది.”

దీపం కొండెక్కబోతోంటే నూనె పోసి, శాంతికి ఫోన్ చేశాడు. సంతకం వెనక్కి తీసుకుంటే మన వీసా కాగితం ఆగిపోవచ్చని చెప్పాడు. అవతల గిన్నెల చప్పుడు వినిపించింది.

“మా యమ్మా పిక్కలే కొట్టింది కదండీ,” అంది చివరికి. “రాసీండి. నా పేరు కూడా రాసీండి. ఇప్పుడు నామోషీ లేదు.”

కంపెనీకీ, ఆ దీవి ఆఫీసుకీ ఒకే ఉత్తరం రాశాడు. మొరటు పని చేసిన వేళ్లతో పరీక్షించలేదు, ఆ పొరపాటు నాది, నా సంతకం వెనక్కి తీసుకుంటున్నాను. కింద శాంతి పేరు రాసి, నాలుగుసార్లు వేలు పెట్టిందని రాశాడు.

మధ్యాహ్నం సుమంత్ ఫోన్. “మీ లెటర్ నేను ఆపలేదంకుల్, యథాతథంగా పైకి పంపా. మిమ్మల్ని ప్రాజెక్ట్ నుంచి తీసేశారు. పీఆర్ సంగతి అడుగుతా, ప్రామిస్ చేయలేను.”

“చాలు బాబూ.”

మర్నాడు ఆ వేళకు లేవనక్కర్లేదు. అయినా మెలకువ వచ్చేసింది. దీపం పెట్టి కూర్చున్నాడు. అయిదున్నరకు ఎర్లీనే పిలిచింది.

“మెషీన్లని ఆరు నెలలు ఆపారు, మిస్టర్ రావ్. మంత్రిగారు మండిపడుతున్నారట. వడ్రంగి ఊరికే పోతాడెందుకని ఊగే నా కుర్చీ బిగించమన్నాను. చూడు.”

ఫోన్ అటు తిప్పింది. ఒక ముసలమ్మ సిరాలో బొటనవేలు అద్ది పుస్తకంలో ఒత్తుతోంది. పడింది ఒట్టి నల్లమచ్చ, గీత అన్నదే లేదు. ఎర్లీన్ పక్కన కలంతో ఆమె పేరు రాసి, డబ్బు ఆమె చేతిలో పెట్టింది.

శాంతి వెనక నిలబడి చూస్తోంది.

“నా వేలు లాంటిదే,” అంది. “ఆవిడకి నా దండం సెప్పండి.”