ఫైలు మొదట్లో శ్రీ

విజయవాడ వన్ టౌన్‌లో మా మామగారిది స్టీలు సామాన్ల హోల్‌సేల్ దుకాణం, ఇల్లు దాని వెనకే. కోడలిగా వచ్చిన కొత్తలో సరదాకి ఒక బిల్లింగ్ ప్రోగ్రాం రాసిపెట్టాను. ఆ సరదా నా మెడకు చుట్టుకుంది. మా ఆయన హనుమాన్ జంక్షన్‌లో ఉన్న మా రెండో కొట్టు చూసుకుంటారు. ఇక్కడ బిల్లు ఆగితే నన్నే పిలుస్తారు, పొయ్యి మీద కూర మాడుతున్నా సరే.

మైలవరంలో ఒక కాలేజీవాళ్ళు పాఠాలు చెప్పడానికి రమ్మన్నారు. సోమవారం చేరాలి. మామగారు కాదనలేదు.

"కొట్లోకి కొన్న కొత్త కంప్యూటర్లో బిల్లు వచ్చేట్టు చేసి హాయిగా వెళ్ళమ్మా," అన్నారు.

పాత కంప్యూటర్ నడిచేది విండోస్‌తో, కొత్తది లినక్స్‌తో. రెండింట్లోనూ ప్రాసెసర్ ఒకే రకం, దానికి అర్థమయ్యే ఆదేశాలూ అవే. తేడా అంతా వాటిని ఫైల్లో సర్దిన తీరులో ఉంది. విండోస్ ప్రోగ్రాం ఎం, జెడ్ అనే ఇంగ్లీషు అక్షరాలతో మొదలవుతుంది. లినక్స్ తన ఫైలు మొదట్లో ఈ, ఎల్, ఎఫ్ ఉన్నాయా అని వెతుక్కుంటుంది. మ్యాక్‌కి ఇంకో గుర్తు. పోనీ గుర్తు మారుద్దామా అంటే, లోపలి అమరికా వేరే, సాయానికి పిలిచే లైబ్రరీలూ వేరే. నేను రాసిన అసలు కోడ్ ఎప్పుడో చెడిపోయిన డిస్కుతో పోయింది. అది ఉంటే లినక్స్‌కి కొత్తగా తయారుచేసేదాన్ని, మిగిలింది ఈ తయారైన ఫైలొక్కటే. లినక్స్‌లో విండోస్ ప్రోగ్రాములు నడిపించే సాధనం కూడా పెట్టి చూశాను. ప్రింటు దగ్గర మొరాయించింది. నాకు ఒళ్ళు మండిపోయింది, ఇక పాతదాంతోనే నడుపుకోమందామనుకున్నాను.

ఆదివారం మామగారు వచ్చి పక్కన కూర్చుంటే, పాత కంప్యూటర్లో ఆ ఫైలు లోపల ఎలా ఉంటుందో తెరిచి చూపించాను.

"పైన శ్రీ లేదేంటమ్మా?" అన్నారు.

పాలవాడికి చీటీ రాసినా పైన శ్రీ పెట్టనిదే కలం కదపని మనిషి. నేను నవ్వేసి, ఫైలు అలాగే వదిలి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

సోమవారం పొద్దున బ్యాగు గుమ్మం దగ్గర పెట్టి, ఒకసారి చూసి వెళ్దామని పాత కంప్యూటర్ ఆన్ చేశాను. ప్రోగ్రాం తెరుచుకోలేదు. ఫైలు లోపల చూస్తే ఎం, జెడ్ లేవు. వాటి స్థానంలో ఇంగ్లీషు అక్షరాల్లో శ్రీ అని ఉంది.

"నేనే రాశానమ్మా, సేవ్ కూడా నొక్కాను," అన్నారు మామగారు. "శుభమా అని వెళ్తున్నావు, నీ పని ఆగకూడదని."

కోపం రావాల్సింది, కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. నేను వెళ్ళాలని ఆ ఇంట్లో మనస్ఫూర్తిగా కోరుకున్నది ఆయనొక్కరే.

బయట తోపుడుబండ్లవాళ్ళు సరుకెత్తుకుని బిల్లు కోసం నిలబడ్డారు. మొదటి అక్షరాలు మళ్ళీ సరిచేశాను. ప్రోగ్రాం తెరుచుకుంది, బిల్లు వచ్చింది. మామగారు ఆ కాగితం కళ్ళకద్దుకున్నారు.

"నిమిషంలో బాగుచేశావే! నువ్వు లేకపోతే మాకెవరమ్మా ఇట్లా చూసేది? ఈ ఒక్క పెళ్ళిళ్ళ సీజనూ ఆగు తల్లీ."

"మీకు నేర్పిస్తానండీ, ఏమంత కష్టం కాదు," అన్నాను.

ఆయన అప్పటికే నా బ్యాగు జాగ్రత్తగా లోపలికి తీసుకెళ్తున్నారు.