మస్తాన్ వలీ చీటీలు

సౌదీలో హుఫూఫ్ ఊరి చుట్టుపక్కల ఖర్జూరం తోటలకు నీళ్ల ట్యాంకర్ తోలే మస్తాన్ వలీకి వారానికొక పూట ఇంకో పని ఉండేది. శుక్రవారం సాయంత్రం అసర్ నమాజు అయ్యాక సూక్ అనే పాత బజారులో అల్తాఫ్ నడిపే పాత వస్తువుల దుకాణానికి పోయి, పీట లాక్కుని కూర్చుని, ఇంగ్లండు పాత రాగి నాణేలు అసలువో దొంగవో చూసేవాడు. అలా పదకొండేళ్లు చూశాడు.

ఆ చూపు ఆయనకు ప్రొద్దుటూరులో అబ్బింది. ఇక్కడికి రాకముందు బంగారు పనివాళ్లకు ఉక్కు అచ్చులు చెక్కిచ్చేవాడు. అందుకే నాణెం చేతికిస్తే దాన్ని కొట్టిన అచ్చు ఎలా ఉండేదో ముందు వెతుకుతాడు. "అచ్చులో గీటు పడితే దాన్నుంచి వచ్చిన బిళ్లలన్నిటికీ ఆ గీటు ఉంటాది. దాయలేరు" అని నాకు చెప్పాడు. విక్టోరియా రాణి తల ఉన్న పెన్నీల్లో కొన్నిటికి అక్షరాల పక్కన ఉండాల్సిన చుక్కలు ఉండవు. కొన్నిటి మీద సంవత్సరం వింతగా ఉంటుంది. ఏడాది మారినా టంకశాల వాళ్లు పాత అచ్చును పారెయ్యకుండా, 1857లో చివరి ఏడు మీదే ఎనిమిది గుద్దేవారట. అలాంటి 1858 నాణెం మీద ఎనిమిది కడుపులోంచి ఏడు తొంగి చూస్తుంది. సేకరించేవాళ్లకు అదంటే ప్రాణం. కాబట్టి మామూలు 1858 తీసుకుని, సన్నని ఉలితో అందులో ఏడును పుట్టించేవాళ్లూ ఉన్నారు.

మస్తాన్ వలీ టార్చిని నాణెం పక్కన పడుకోబెట్టి నీడ చూసేవాడు. "ఏడు పైకి కనపడాలంటే చుట్టూరా నేల తవ్వాల గదా. ఆ గుంతలో నీడ నిలబడ్తాది." చూసింది చూసినట్టు ట్యాంకర్ ట్రిప్పు రసీదు వెనక తెలుగులో రాసి, సంతకం పెట్టి ఇచ్చేవాడు. ఆయనకు రాయడం వచ్చింది తెలుగొక్కటే.

అల్తాఫ్‌ది కర్నూలు, ఉర్దూ మీడియం చదువు. తెలుగు గలగలా మాట్లాడతాడు గానీ అక్షరం చదవలేడు. అందుకని ప్రతి చీటీ నోటితో చెప్పించుకునేవాడు. "దొంగదేనా అన్నా? ఇంగోసారి చూడు" అనేవాడు. ఆ జాగ్రత్త మస్తాన్ వలీకి ముచ్చటగా ఉండేది. ఆయన వాడే భూతద్దం కూడా అల్తాఫ్ కొనిచ్చిందే.

పోయిన చలికాలంలో ఒక శుక్రవారం, బడిపంతులుగా చేసి రిటైరైన పెద్దాయన ఒకాయన దుకాణానికి వచ్చాడు. హుఫూఫ్ మనిషే. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఆ దుకాణంలోనే కొన్న పెన్నీ, పెన్నీతో పాటు మస్తాన్ వలీ చీటీ. ఈ కాగితంలో ఏం రాసుందని మనవలు అడిగారట. "రాసింది నువ్వేనంట గదా, చదివి చెప్పు" అన్నాడు అరబ్బీలో.

మస్తాన్ వలీ చూశాడు. తన రాతే.

'1858. ఏడు దొంగది. ఉలితో గీకినారు. అమ్మొద్దు. మ. వలీ.'

పెద్దాయనకు సంవత్సరం అంకెలు తెలిశాయి, కింద ఉన్నది సంతకమని తెలిసింది. మధ్యలో ఉన్నదంతా హామీ అనుకున్నాడు.

అల్తాఫ్ గ్లాసుల్లో చాయ్ పోస్తూ, మొహంలో నవ్వు చెదరకుండా తెలుగులో అన్నాడు. "అసలుదే అని చెప్పన్నా. మురిసిపోతా ఇంటికి పోతాడు."

"ఇదేంది అల్తాఫూ? అమ్మొద్దని చెప్తి గదా."

"చెప్పినావు. ఇప్పుడు వేరే మాట చెప్పు. ఆయప్పకు తెలుగొచ్చునా ఏంది."

"రాసి కూడా ఇస్తి."

"రాస్తే? చదివేటోడు ఈ సూక్‌లో యాడున్నాడు?"

"ఎన్ని ఇచ్చినావు ఇట్ల?"

"ఏమో, గుర్తు పెట్టుకుంటామా. నీ చీటీ ఉంటే చాలు, ఎవురూ మారుమాట్లాడరు. నీకే గదన్నా పేరు."

అది నిజమే. ఈ దేశంలో ఆయన్ని డ్రైవర్ అనకుండా ఉస్తాద్ అని పిలిచేది ఆ ఒక్క చోటే. నోరు విప్పితే ఆ పీట దక్కదని ఆయనకు తెలుసు. పెద్దాయన ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నాడు.

మస్తాన్ వలీ చీటీని వేలు పెట్టి తెలుగులో చదివాడు. తర్వాత తనకొచ్చిన అరకొర అరబ్బీలో "మూ అస్లీ" అన్నాడు, అసలుది కాదని. ఆ మాటే రాశాననీ, రాసిన రోజే ఇతనికి చెప్పాననీ అన్నాడు.

పెద్దాయన కోప్పడలేదు. "అబద్ధమని తెలిసి సంతకం ఎందుకు పెట్టావు?" అని అడిగాడు. అప్పటిదాకా ఇద్దరూ తమ భాషలో మాట్లాడుకోవడం ఆయన కళ్లారా చూశాడు. కవరు గల్లా మీద పెట్టి, చాయ్ తాగకుండానే వెళ్లిపోయాడు.

"చూస్తివా, నువ్వు కూడా దొంగవే అయితివి" అన్నాడు అల్తాఫ్.

మస్తాన్ వలీ భూతద్దం ఆ కవరు పక్కన పెట్టి వచ్చేశాడు. మళ్లీ పోలేదు. ఆ పెద్దాయన ఇల్లెక్కడో సూక్‌లో ఇద్దరు ముగ్గుర్ని అడిగాడు. ఎవరూ చెప్పలేదు.

ఇదంతా ఆయన నాకు ఒక తోటలో ట్యాంకర్ ఖాళీ అవుతుండగా చెప్పాడు. చివర్లో స్టీరింగు మీద చేతులు పెట్టుకుని అల్తాఫ్ మాట ఎత్తాడు.

"'దొంగదేనా అన్నా, ఇంగోసారి చూడు' అంటాండె గదా. దొంగది అమ్మితే పాపమని భయమేమో అనుకుంటి. అసలుది పొరపాటున ఇట్లాటోళ్లకు పోతాదేమోనని వాని భయం."

తొట్టి నిండిందని తోటమాలి కేకేశాడు. మస్తాన్ వలీ దిగి వాల్వు కట్టేశాడు.