పచ్చి పసుపు ముక్క

బోధన్ బస్సు ఎడపల్లి దాటుతుంటే చెరుకు లారీ హారన్ మోగింది. నా పక్కసీటామె బిగుసుకుపోయింది. కళ్లు తెరిచే ఉన్నాయి, కండక్టర్ పిలుపు మాత్రం వినబడలేదు.

"దయ్యం పట్టినట్టుంది," అన్నాడు వెనకాయన.

కాసేపటికి ఆమె కొంగుముడి తడిమి, పచ్చి పసుపు ముక్క తీసి కొరికింది. ఆ చేదుకు మొహం చిట్లించి, వెనక్కి తిరిగింది.

"దయ్యం లేదు గియ్యం లేదు. నన్ను లారీ గుద్దిన కాన్నుంచి మనసు గిట్ల ఎటో పోతది, గీ శేదు తగిల్తే మల్లొస్తది. డాక్టరుకు సూపించుకుంటున్న. నీకేం తక్లీఫ్?"

ఆయన చూపు పక్కకు తిప్పుకున్నాడు.

"జర జరుగక్కా," అని ఆమె నన్ను లేపి కిటికీ పక్కన కూర్చుంది. ఎదురొచ్చిన ఇంకో లారీని, అది దాటేదాకా కళ్లు తిప్పకుండా చూసింది.

నా మనసూ అప్పుడప్పుడు ఎటో పోతుంది. ఇప్పుడు నా సంచిలోనూ పచ్చి పసుపు ఉంటుంది. ఎందుకని ఎవరైనా అడిగితే, గొంతు తగ్గించకుండా చెబుతాను.