ఆఖరి గుండీ

హోసూరులో ఒకప్పుడు ‘జుబ్బాల మునియప్ప యాడ?’ అని అడిగితే చాలు, పసిబిడ్డ ఉన్న ప్రతి ఇల్లూ దారి చూపించేది. బాగలూరు రోడ్డు మొదట్లో ఒక బియ్యం మండీ అరుగు, దాని మీద పాత కుట్టుమిషను, గుడ్డముక్కలు వేసుకునేందుకు ఒక చెక్కపెట్టె. అంతే అతని అంగడి. పుట్టింది కెలమంగలం. బెంగళూరులో ఒక ముసలి దర్జీ దగ్గర పదేళ్లు పని నేర్చుకొని వచ్చి, పసిపిల్లల బట్టల్లోనే పేరు తెచ్చుకున్నాడు. పెద్దవాళ్ల చొక్కాలు ఎవడైనా కుడతాడంటాడు. చొక్కా బిగుతైతే పెద్దవాళ్లు పొట్ట లోపలికి పీల్చుకుంటారు, పసిబిడ్డ ఎందుకు పీల్చుకుంటుంది, ఏడుస్తుంది గానీ! అందుకే లేత మెడకు ఒరుసుకోకుండా కుట్టు మడతను బయటికి తిప్పేవాడు. వీపున మూడే మూడు గుండీలు. అతనికీ, భార్య తిమ్మక్కకూ మాత్రం పిల్లలు లేరు.

బిడ్డ పుట్టకముందే బట్టలు కుట్టించకూడదని ఆ ఊళ్లో పెద్దల మాట. మాట సరే, తొలికాన్పుకు పుట్టింటికి పోయే పిల్లకు ఆశ ఆగుతుందా? దానికి మునియప్ప దగ్గర గురువు నేర్పిన ఉపాయం ఉంది. ఎన్ని జుబ్బాలు కుట్టినా ఆఖరి జుబ్బాకు ఆఖరి గుండీ కుట్టడు. దాన్ని కాయితంలో మడిచి జుబ్బాకే పిన్నుతో గుచ్చి ఇస్తాడు. “ముగియని బట్ట బట్టే కాదు గదమ్మా, ఇంక దోషం యాడుండాది?” అంటాడు. బిడ్డ పుట్టాక ఇంటివాళ్లెవరో ఆ జుబ్బా తీసుకొని, కలకండ పొట్లంతో అరుగెక్కుతారు. మగబిడ్డా ఆడబిడ్డా, ఎవరి పోలిక, అన్నీ చెప్తారు. అతను కలకండ బుగ్గన పెట్టుకొని అన్నీ విని, తీరిగ్గా గుండీ కుట్టి ఇస్తాడు.

అంత పేరూ ఒక్క గుండీతో పోయింది.

డెబ్బై ఆరు దీపావళి ముందర, బజారువీధి చిల్లర అంగడి వాళ్ల కోడలు మనోరమ కోసం ఏడు జుబ్బాలు కుట్టాడు. తెల్లటి మల్లుగుడ్డ మీద సన్నటి నీలిపూలు. ఆమె వాటిని తీసుకొని పుట్టిల్లు కృష్ణగిరికి పోయింది. నెలలు నిండకుండానే కాన్పయింది. బిడ్డ దక్కలేదు. చూడబోయిన అత్త కాత్యాయనమ్మ పెట్టె తెరిచి జుబ్బాలు తిరగేసింది. ఏడింటికీ అన్ని గుండీలూ ఉన్నాయి. “పాపాత్ముడు, ఆఖరిది గూడా కుట్టేసినాడు!” అని ఆమె అక్కడే గుండెలు బాదుకుంది. ఆ మాట ఆమెకన్నా ముందే బస్సెక్కి హోసూరు చేరింది.

పోనీ, నేను కుట్టలేదని గట్టిగా చెప్పాడా? చెప్పలేకపోయాడు. పండగ పని, కంటికి నిద్ర లేని రోజులు. కుట్టలేదనే అనుకుంటాడు, కానీ ఒట్టు పెట్టబోతే నాలుక వెనక్కి పోయేది. “కుండ మూతికి మూకుడు పెట్టొచ్చు, ఊరి మూతికి యాడ పెడతావు? ఊరుకో,” అంది తిమ్మక్క. ఊరుకున్నాడు. కడుపుతో ఉన్నవాళ్లు అతని అరుగు చూసి అవతలి పక్కకు జరిగి నడవసాగారు. అప్పుడప్పుడే ఊరి బయట ఫ్యాక్టరీలు లేస్తున్నాయి. మునియప్ప అక్కడి పనివాళ్ల ఖాకీ చొక్కాలకు దిగాడు. కూటికి లోటు లేదు. కలకండ తెచ్చేవాళ్లే లేరు. గుడ్డలు సర్దుతూ సర్దుతూ ఆగిపోయి, ‘నేనే కుట్టినానా, నా చేతులే ఆ పని చేసినాయా’ అని తన వేళ్లు తాను చూసుకునేవాడు. ఆ దిగులు ఆరేళ్లు అతన్ని తిన్నది.

ఎనభై రెండు మార్గశిరం. హోసూరు చలి సంగతి తెలిసిందేగా, మిట్టమధ్యాహ్నం కూడా దుప్పటి వదలనివ్వదు. మనోరమ చంకలో ఒక కుక్కపిల్లను, చేతిలో ఒక మూటను పెట్టుకొని నేరుగా అరుగు దగ్గరికి వచ్చింది. మునియప్ప కాలు మిషను మీదే ఆగిపోయింది.

“మునియప్పా, దీనికి చర్మం చెడింది. పశువుల డాక్టరు బొచ్చంతా గొరిగి మందు పూసినాడు. నాక్కోకుండా, చలి తగలకుండా గుడ్డ తొడగమన్నాడు. వీటిని దీనికి సరిపోయేట్టు చేసిస్తావా?”

మూట విప్పింది. నీలిపూలు.

మునియప్పకు ఒళ్లు మండింది. “కుక్కకా? నా జుబ్బాలు కుక్కకా? ఎగతాళి చేయను వచ్చినావామ్మా?”

“ఎగతాళి గాదప్పా. పోయిన బిడ్డ బట్టలు ఇంగో బిడ్డకు ఎవరు తొడుగుతారు? పారేయను నాకు చేతులు రాలే. జిమ్మి చలికి వణికిపోతా ఉండాది, చూడు.”

చూశాడు. గులాబీరంగు చర్మం, అక్కడక్కడ ఊదామందు, మూరెడు ప్రాణం. నిజంగానే వణుకుతోంది. కోపం ఉన్నా టేపు చేతిలోకి వచ్చేసింది, వృత్తి అలాంటిది మరి. మెడ కొలిచాడు, ముందరికాళ్ల వెనక రొమ్ము కొలిచాడు, మెడ నుంచి తోక దాకా కొలిచాడు. జిమ్మి టేపు కొరికింది. “ఛీ, వదలు! కొలతకు ఇంత అల్లరి బిడ్డలు గూడా చేయలే,” అని కసిరాడు.

వీపున గుండీలు కాబట్టి ఆ పక్క మార్పు అక్కర్లేదు. చేతులే చిక్కు. బిడ్డ చేతులు పక్కకు చాస్తుంది, కుక్క కాళ్లు రొమ్ము కిందికి దిగుతాయి. చంకలు విప్పి ముందుకు జరపాలి. పొట్ట దగ్గర గుడ్డ తగ్గించాలి, లేకపోతే కాలెత్తిన ప్రతిసారీ ఉతకాల్సిందే. జుబ్బాలు ఒక్కొక్కటే తిరగేస్తూ ఆఖరిదాని దగ్గరికి వచ్చి ఆగాడు. ఆరేళ్లుగా తనను తిన్నది అదే. చూడాలని ఉంది, చూడటానికి భయంగా ఉంది. చివరికి కళ్లద్దాలు సర్దుకొని వెలుతురులోకి పట్టుకున్నాడు.

మునియప్ప గుండీకి దారం అడ్డంగా నిలువుగా దాటించి, అడుగున మూడుసార్లు చుట్టి, ముడిని లోపల దాచేస్తాడు. పైరెండూ అలాగే ఉన్నాయి. మూడోదానికి దారం రెండు గీతలుగా పోయింది. ముడి పైనే ఉంది, పెసరగింజంత.

“ఇది నా చెయ్యి గాదు,” అన్నాడు. మళ్లీ అన్నాడు, “అమ్మా, ఇది నా చెయ్యి గాదు!”

మనోరమ తల వంచుకొనే చెప్పింది.

“నేనే కుట్టినానప్పా. కృష్ణగిరిలో, ఏడో నెల. రోజూ పెట్టె తీసి చూసుకుంటా ఉంటిని. ఒక్క గుండీ కాయితంలో ఉండె. మనసు పట్టలేక కుట్టేస్తిని. మా అత్త నీ పేరెత్తి తిడతా ఉంటే నా నోరు పెగల్లే. చెప్పుంటే బిడ్డను నేనే మింగినానని అందురు. నీ మీదికి పోనిచ్చినాను. ఆరేండ్లు ఈ రోడ్డున రాలేక వెనక సందులోనే తిరిగినాను.”

మునియప్ప లేచి నిలబడ్డాడు. అరవాలనుంది, ఊరంతా వినేలా. ఆరేళ్లమ్మా, ఆరేళ్లు! కానీ ఎదురుగా ఉన్నదెవరు? తనలాగే ఆ గుండీని తలుచుకొని కుళ్లిపోయిన మనిషి. తనది కుట్టానేమోనన్న అనుమానమే, ఆమెది బిడ్డను తానే పోగొట్టుకున్నానన్న నమ్మకం. ఏది బరువు? మళ్లీ కూర్చున్నాడు.

“గుండీ కుట్టితే ప్రాణం పోతుందంటే, నేను కుట్టిన ఖాకీ చొక్కాలకు ఫ్యాక్టరీల్లో ఒక్కడన్నా మిగిలుండునా? చెప్పు. నువ్వు చేసింది పాపం గాదమ్మా, ఆశ.”

ఆమె కళ్లు తుడుచుకుంది. “మరి నువ్వెందుకప్పా ఒకటి కుట్టకుండా పెడతావు?”

మునియప్ప కత్తెరతో చంక కుట్టు విప్పుతూ అన్నాడు. “గురువు చెప్పినాడని మొదట. ఆ తరవాత... అన్నీ కుట్టిచ్చేస్తే బిడ్డ పుట్టినాదని నాకు చెప్పను ఎవరొస్తారమ్మా?”

సాయంత్రానికి ఏడూ సిద్ధమయ్యాయి. జిమ్మికి తొడిగితే కాసేపు బొమ్మలా బిగుసుకొని నిలబడి, తరవాత మునియప్ప చెయ్యి నాకింది. ఆఖరి జుబ్బాకు మాత్రం ఆ మూడో గుండీ ఊడదీసి కాయితంలో మడిచి పిన్నుతో గుచ్చాడు. “నయమైనాక తీసుకోని రా,” అన్నాడు.

శివరాత్రికి చలి శివశివా అని పోయింది. ఆ మరునాడు పొద్దున, బజారు నిండా జనం ఉన్నప్పుడు, మనోరమ మళ్లీ అరుగెక్కింది. జిమ్మి ఒళ్లంతా తెల్లటి నూగు మొలిచింది. దానికి ఇప్పుడు జుబ్బా అక్కర్లేదు, అయినా ఆఖరి గుండీ లేని ఆ జుబ్బా తొడుక్కొనే వచ్చింది. ఆమె చేతిలో కలకండ పొట్లం ఉంది.

“వెంట్రుకలు వచ్చినాయి మునియప్పా. నీకే మొదట చెప్తా ఉండాను.”

మునియప్ప కలకండ బుగ్గన పెట్టుకున్నాడు. సూదికి దారం ఎక్కించి, ఆమెకే అందించాడు. మనోరమ అరుగు అంచున కూర్చొని, జిమ్మిని ఒళ్లో పెట్టుకొని కుట్టడం మొదలుపెట్టింది. మనోరమ వాళ్ల పక్కింటి అంజనమ్మ కూరగాయల సంచీతో ఆగింది. ఆమె అత్త కాత్యాయనమ్మకు కుడిచెయ్యి, అంజనమ్మ చెవిన పడిందంటే ఊరి చెవిన పడినట్టే.

“ఏం మనోరమా, అది బిడ్డ జుబ్బా గదా? అయ్యో, మళ్లీ ఆ గుండీనా!”

మనోరమ సూది ఆపలేదు.

“అవునక్కా, నా బిడ్డదే. ఈ గుండీ ఆ పొద్దూ నేనే కుట్టినాను, మునియప్ప గాదు. మా అత్తకు నేనే చెప్తాను, నువ్వు గూడా చెప్పు.”

అరుగు ముందు నడుస్తున్నవాళ్లు ఇద్దరు ముగ్గురు ఆగి చూశారు. మునియప్ప తల వంచుకొని, కుట్టడం ముగిసిన గుండీని వేలితో తడిమి చూశాడు. దారం రెండు గీతలుగానే పోయింది. ముడి పైనే ఉంది.

“బాగుండాది,” అన్నాడు. అప్పుడు ఏడ్చాడు, అందరి ముందరే, బుగ్గన కలకండ పెట్టుకొని.